నేల ఉసిరి – పచ్చకామెర్లు

పచ్చకామెర్ల వానికి లోకమంతయు పచ్చగా కనిపించునని మనవారి సామెత. నిజమునకు కామెర్లు వచ్చినవానికి లోకము సామాన్యముగా ఎప్పటి రంగుననే కనిపించును. వాడే లోకమునకు పచ్చగా కనిపించును. కంటి తెల్లగుడ్డు పసుపురంగు తిరుగును. మూత్రము చిక్కబడును. అన్నము సయింపదు. ఇంటిలోని పెద్దవారు కనురెప్ప ఎత్తి చూచి 'కామెర్లు' అందురు. ఆ మాట చెవిని పడగానే పొరుగింటివారు ఒక ఊరి పేరు చెప్పుదురు. ఆ ఊరిలో ఒక ఇంటివారు తాతముత్తాతల నాటినుండి ఆకుపసరు ఇచ్చుచుందురు. తెల్లవారుజామున, పరగడుపున, మూడు దినములు పుచ్చుకొనవలెను. ఉప్పు, కారము, నూనె మానివేసి మజ్జిగ అన్నముతో పథ్యము చేయవలెను. ఆ పసరుతో మాకు నయమైనదని చెప్పువారు ఊరూర కలరు. వారు అబద్ధమాడుట లేదు.

అయితే ఆ పసరు మూలముననే నయమైనదా? ఇది శ్రోతలు మమ్ము పలుమారులు అడిగిన ప్రశ్న. దీనికి ఔననియో కాదనియో ఒక్క మాటలో బదులు చెప్పవచ్చును గాని, ఆ బదులు దొరకుటకు లోకమునకు చాల కాలము పట్టినది. ఆ కాలము ఎట్లు గడచినదో తెలిసినగాని బదులునకు విలువ రాదు. కనుక ముందు ఆ చరిత్రను మనవి చేయుదుము.

కామెర్లు మానవునకు అతి ప్రాచీనమైన భయము. అథర్వవేదము ప్రథమ కాండములోని 22వ సూక్తము ఈ వ్యాధిని గూర్చినదే. రోగి దేహములోని పసుపుదనము చిలుకలలోనికిని పచ్చని పిట్టలలోనికిని పోవలెననియు, ఎర్రని ఆవుల వన్నె రోగికి రావలెననియు అందలి ఆకాంక్ష. క్రీస్తుశకము 1వ శతాబ్దిలో రోము పండితుడు ప్లీనీ తన కాలపు నమ్మకమును ఒకదానిని వ్రాసిపెట్టెను. కామెర్ల రోగి ఒక పచ్చని పిట్టను చూచినచో రోగము పోవును, పిట్ట చచ్చునట. రెండు దేశములు ఎంత దూరమున నున్నను ఊహ ఒక్కటే: పసుపును పసుపు లాగుకొనునని.

చరకసంహిత ఈ ఊహను దాటి ముందుకు సాగినది. చికిత్సాస్థానము 16వ అధ్యాయము పాండురోగమును గూర్చినది. కామల అచ్చటనే చెప్పబడినది. కామలలో రెండు తెగలు గలవని గుర్తించుట ఆ గ్రంథము గొప్పదనము. ఒక తెగలో పిత్తము మితిమీరును. రెండవ తెగలో పిత్తము పోవు దారికి అడ్డు కలుగును. ఆ రెండవ తెగను గుర్తుపట్టు విధము గూడ అందు కలదు. రోగి మలము నువ్వులపిండి వలె తెల్లబారునట. పరీక్షాయంత్రములు లేని కాలమున, కేవలము కంటితో చూచి, ఒకే రంగు వెనుక రెండు వేరు కారణములున్నవని చెప్పుట సామాన్యమైన సంగతి కాదు.

మరియొక చిన్న విశేషము. మన నేల ఉసిరిని చరకుడు తామలకి యను పేర ఎరుగునని పలువురు పండితుల మతము. అయినను సూత్రస్థానములో ఆయన తామలకిని చేర్చినది దగ్గును, ఉబ్బసమును పోగొట్టు ఓషధుల వర్గములలో. నేల ఉసిరియనగానే కామెర్లు జ్ఞప్తికి వచ్చుట మనకు అలవాటు. ఆ అలవాటు చరకుని ఆ వర్గములనుండి వచ్చినది కాదు.

ఇప్పుడు ఆ పసుపురంగు ఎచ్చటనుండి వచ్చునో చూతము. నెత్తుటిలోని ఎర్రకణముల ఆయువు సుమారు 120 దినములు. ముసలివైన కణములు శిథిలమైనప్పుడు వానినుండి బిలిరుబిన్ అను పసుపుపచ్చని పదార్థము పుట్టును. కాలేయము దానిని నీటిలో కరగునట్లు మార్చి పైత్యరసములో కలుపును. ఆ రసము కొంత పిత్తాశయములో నిలువయుండి, మనము భుజించినప్పుడు సన్నని నాళము గుండ చిన్నప్రేగులోనికి దిగును. మలమునకు సహజమైన రంగు వచ్చుట దానివలననే. ఈ దారిలో మూడు తావుల చెరుపు కలుగవచ్చును. ఎర్రకణములు మితిమీరి నశింపవచ్చును. కాలేయమే దెబ్బతినవచ్చును. లేదా నాళమునకు రాయియో గడ్డయో అడ్డుపడవచ్చును. మూడింట ఏది జరిగినను కన్ను పచ్చబడును. కాబట్టి కామెర్లు అను మాట జ్వరము అను మాట వంటిది. అది రోగము పేరు కాదు, రోగము వచ్చినదని తెలుపు గుర్తు.

కాలేయమును దెబ్బతీయు కామెర్లలో అంటువ్యాధులు కలవని తెలియుటకు ఎన్నో కష్టములు పడవలసివచ్చెను. 1883లో జర్మనీలోని బ్రెమెన్ నగరమున ఓడలు కట్టు కార్మికులు 1289 మందికి మశూచి టీకాలు వేసిరి. టీకాపొక్కులనుండి తీసిన మనుష్యుల రసినే ఆ టీకాకు వాడిరి. తరువాతి నెలలలో వారిలో 191 మందికి కామెర్లు వచ్చెను. వేరు టీకా వేసికొన్నవారికి రాలేదు. లూర్మన్ అను వైద్యాధికారి ఈ సంగతిని శ్రద్ధతో లెక్కగట్టి 1885లో ప్రకటించెను. మనుష్యుని నెత్తురునుండి మనుష్యునకు వ్యాపించు కామెర్లు ఒకటి కలదనుటకు అది తొలి సాక్ష్యము. 1942లో అమెరికా సైనికులకు పీతజ్వరము రాకుండ వేసిన టీకాలో మానవ రక్తద్రవము కలిసియుండెను. దాని మూలమున దాదాపు 50 వేలమంది కామెర్లతో మంచముపట్టిరి. 1947లో బ్రిటిషు వైద్యుడు మెకల్లమ్ ఈ వ్యాధులను రెండుగా విడదీసి, ఆహారపానీయముల ద్వారా వచ్చుదానికి 'ఏ' యనియు, నెత్తురు ద్వారా వచ్చుదానికి 'బి' యనియు పేరులిడెను.

మన దేశమున ఇదే పాఠమును యమునానది నేర్పినది. 1955 నవంబరులో నజఫ్‌గఢ్ కాలువ మురుగునీరు వెనుకకు మళ్ళి, వజీరాబాదు వద్ద ఢిల్లీ నగరమునకు మంచినీరు తోడు చోట కలిసినది. అధికారులు నీటిలో క్లోరిన్ పాలు హెచ్చించిరి. అయినను డిసెంబరు, జనవరి నెలలలో నగరమున కామెర్లు చెలరేగెను. రోగము పడినవారు 29,300 మంది యని తరువాత అంచనా వేసిరి. అది 'ఏ' రకమేయని అందరును తలచిరి. పావు శతాబ్దము గడచిన పిమ్మట, 1980లో, నాటి రోగుల నెత్తుటి నమూనాలను మరల పరీక్షించగా అది 'ఏ' కాదని తేలినది. 1978లో కాశ్మీరమున వచ్చిన కామెర్లను పరిశీలించిన ఖురూ అను వైద్యుడును ఇదియొక కొత్త రోగమని భావించెను. 1983లో సోవియట్ శాస్త్రజ్ఞుడు బలయాన్ తన ప్రయోగమును ప్రకటించెను. ఆయన రోగుల మలమునుండి తీసిన ద్రావణమును తానే త్రాగి, కామెర్లు తెచ్చుకొని, తన మలములో ఆ వైరసును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూచెను. దానినే నేడు 'ఇ' రకమందుము.

మన పసరు సంగతికి అవసరమైన కీలకము ఇందే యున్నది. 'ఏ', 'ఇ' రకముల కామెర్లు వచ్చినవారిలో అత్యధికులు ఏ మందును లేకయే కొన్ని వారములలో కోలుకొందురు. కాలేయము తనను తాను బాగుచేసికొనగల అవయవము. మన పల్లెలలోను పట్టణములలోను వచ్చు కామెర్లలో కలుషిత జలమువలన వచ్చు ఈ రెండు రకములే ఎక్కువ. రోగి కళ్ళు పచ్చబడిన పిమ్మట పసరుకు బయలుదేరును. అప్పటికే రోగము చాలభాగము నడచియుండును. పసరు త్రాగిన తరువాత ఆకలి పుట్టును, కళ్ళు తెల్లబడును. త్రాగకున్నను అంతియే జరిగియుండును. కాని త్రాగినవాడు ఆ సంగతి తెలిసికొను మార్గమేది? తనను తాను రెండుగా చీల్చుకొని, ఒకనికి పసరు పోసి రెండవవానికి పోయక చూడలేడు గదా! కొన్ని చోట్ల పసరునకు బదులు ముంజేతిమీద వాతలు పెట్టుచుండిరి. వాతలు పెట్టించుకొన్నవారికిని నయమగుచునే యుండెను.

ఒక్కనికి సాధ్యము కాని ఆ పని, పలువురు రోగులను రెండు జట్లుగా చేసినచో సాధ్యమగును. కొరియా యుద్ధకాలమున కామెర్లు వచ్చిన అమెరికా సైనికులపై జపానులోని క్యోటో ఆసుపత్రిలో అటువంటి పరీక్షనే జరిపిరి. దాని ఫలితములు 1955లో వెలువడెను. అంతవరకు వైద్యులు గూడ కదలక పడుకొనవలెనని శాసించుచుండిరి. మంచముననే ఉంచినవారికిని, ఓపిక మేరకు లేచి తిరుగనిచ్చినవారికిని కోలుకొనుటలో భేదము కనబడలేదు. మాంసకృత్తులు పుష్కలముగా గల ఆహారము కడుపునిండ తిన్నవారు మాత్రము కొంత ముందుగా కోలుకొనిరి. నెలల తరబడి చప్పిడి మజ్జిగ అన్నముతో రోగిని శుష్కింపజేయు మన పథ్యమునకు ఈ పరీక్ష ఒక హెచ్చరిక.

ఇక నేల ఉసిరికి జరిగిన పరీక్ష. అమెరికా శాస్త్రజ్ఞుడు బారుక్ బ్లంబర్గ్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసి నెత్తుటిలో ఒక వింత పదార్థమును కనుగొని 1965లో ప్రకటించెను. అది 'బి' రకపు వైరసు పైపొరయని పిమ్మట తేలినది. ఆ పరిశోధనకు ఆయనకు 1976లో నోబెల్ బహుమానము లభించెను. ఈ 'బి' రకము మిగిలినవానివలె కాదు. పసితనమున సోకినచో చాలమందిలో జీవితాంతము నిలిచిపోయి, కడకు కాలేయమును గట్టిపరచి, కొందరిలో కాన్సరునకు దారితీయును. తనంతట తాను పోవు రోగమునకు మందు పనిచేసినదో లేదో తెలియుట కష్టము. నిలిచియుండు రోగమునకు తెలియుట సులభము. కావుననే నేల ఉసిరికి నిజమైన పరీక్ష 'బి' రకమున జరిగినది.

1982లో మద్రాసు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు ఎస్. పి. త్యాగరాజన్, ఆయన సహచరులు నేల ఉసిరి, గుంటగలగర మొక్కల సారములు గాజునాళికలో 'బి' వైరసు పైపొరను అణచుచున్నవని ప్రకటించిరి. 1987లో వేంకటేశ్వరన్, బ్లంబర్గ్ మున్నగువారు ఫిలడెల్ఫియాలో ఇట్టి వైరసే సోకిన ఉడ్‌చక్ అను అమెరికా జంతువులపై నేల ఉసిరిని ప్రయోగించి ఆశాజనకమైన ఫలితములు చూచిరి. 1988లో మద్రాసు, ఫిలడెల్ఫియా శాస్త్రజ్ఞులు కలిసి మనుష్యులపై జరిపిన పరీక్షను లాన్సెట్ పత్రిక ప్రచురించెను. నెత్తుటిలో వైరసు నిలిచియున్నవారికి నేల ఉసిరి చూర్ణమును 200 మిల్లిగ్రాముల చొప్పున దినమునకు మూడు పర్యాయములు 30 దినములిచ్చిరి. 37 మందిలో 22 మంది నెత్తుటినుండి వైరసు పైపొర మాయమైనది. ఉత్తుత్తి మందు పుచ్చుకొన్న 23 మందిలో ఒక్కనికి మాత్రమే మాయమైనది.

ఆ వార్త లోకమును కదిలించినది. మన ముత్తవ్వల పసరు గెలిచినదని ఎందరో ఆనందించిరి. అట్లు ఆనందించుట తప్పు కాదు. కాని ఒక పరీక్ష నిజమైనచో మరియొక చోట, మరియొకరు చేసినను అదే ఫలితము రావలెను. 1990లో థాయిలాండు వైద్యులు జరిపిన పరీక్షలో నేల ఉసిరి వైరసును తొలగింపలేకపోయెను. అటుపై న్యూజీలాండులోను అదే జరిగినది. మొక్క పెరిగిన నేల వేరనియు, జాతి వేరనియు కొందరు వాదించిరి. ఆ వాదము పూర్తిగా కొట్టివేయదగినది కాదు. నేల ఉసిరియను పేరున ఒకదానినొకటి పోలిన పలు మొక్కలు కలవు. అయినను వివిధ దేశముల పరీక్షలనన్నిటిని ఒకచోట చేర్చి 2011లో కాక్రేన్ సంస్థ పరిశీలించినప్పుడు, ఉత్తుత్తి మందు కంటె నేల ఉసిరి మేలు చేయుననుటకు నమ్మదగిన ఆధారము లేదని తేలినది. ఈ విషయమున నేల ఉసిరికి అన్యాయము జరిగినదని మేము తలపము. ఎన్నో పల్లె మందులకు లభింపని గౌరవము దానికి లభించినది. మేటి శాస్త్రజ్ఞులు ఎగతాళి చేయక ఆశతోనే దానిని పరీక్షించిరి.

నాళమునకు అడ్డుపడు కామెర్లకు, అనగా చరకుని రెండవ తెగకు, పసరు వలన మరింత కీడు కలుగవచ్చును. ఆకులేవియు నాళములోని రాయిని తీయజాలవు. 1882లో బెర్లిను నగరమున లాంగెన్‌బుక్ అను శస్త్రవైద్యుడు తొలిసారి రోగి పిత్తాశయమును రాళ్ళతో సహా తొలగించెను. రోగి బ్రతికెను. శస్త్రచికిత్సకు భయపడువారి కొరకు ఆలివ్ నూనె, నిమ్మరసము త్రాగి రాళ్ళను జార్చు పద్ధతి యొకటి ప్రచారములోనికి వచ్చినది. త్రాగినవారికి మలములో పచ్చని మెత్తని గుండ్లు కనబడును. 2005లో న్యూజీలాండు వైద్యులు అట్టి గుండ్లను పరీక్షించి లాన్సెట్ పత్రికలో వ్రాసిరి. అవి పిత్తాశయపు రాళ్ళు కావు. త్రాగిన నూనెయే కడుపులో గట్టిపడి సబ్బుగుండ్లయినది. రోగి రాళ్ళు పిత్తాశయములోనే భద్రముగా నుండెను!

ప్రకృతి యిచ్చినదెల్ల నిరపాయమనుటయు సరికాదు. 2021లో ముంబయి వైద్యులు, కరోనా కాలమున శక్తి కొరకు తిప్పతీగ కషాయము త్రాగి కాలేయము దెబ్బతిన్న ఆరుగురు రోగులను గూర్చి వ్రాసిరి. ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ వ్యాసమునకు అభ్యంతరము తెలిపి, మొక్కను సరిగా గుర్తింపలేదనెను. ఎవరి మాట ఎట్లున్నను, వాడిన ఆకు ఏదో రూఢిగా తెలియకపోవుటయే ఒక అపాయము. పసరు ఇచ్చువారిలో పలువురు ఆకు పేరు చెప్పరు. చెప్పినచో గుణము పోవునందురు.

నేల ఉసిరి 'బి' వైరసును జయింపలేదు గాని, దానిని రానీయక ఆపు ఉపాయము బ్లంబర్గ్ పరిశోధననుండియే పుట్టినది. ఆయనయు మిల్‌మన్ అను సహచరుడును 1969లోనే టీకాకు మార్గము చూపిరి. 1981లో అమెరికాలో ఆ టీకాకు అనుమతి లభించెను. కాని విదేశపు టీకా ధర మన సామాన్య సంసారికి అందనిది. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ, కె. ఐ. వరప్రసాదరెడ్డి నాయకత్వమున, జన్యువిధానముతో ఈ టీకాను దేశీయముగా తయారుచేసి తక్కువ ధరకు అందించినది. ఇట్టి టీకా భారతదేశమున తయారగుట అదే ప్రథమము. 2011 నాటికి దేశమంతటను శిశువులకు ప్రభుత్వమే ఉచితముగా ఈ టీకా వేయు ఏర్పాటు జరిగినది. పుట్టిన 24 గంటలలోపల తొలి మోతాదు పడవలెను. తెలుగు నేల కామెర్లకు లోకమునకు చూపదగిన మందు ఏదియని ఎవరైన అడిగినచో, మేము మొదట ఈ టీకానే చెప్పుదుము.

ఇక మొదటి ప్రశ్నకు బదులు. పసరు త్రాగినవారికి నయమైన మాట నిజము. నయము చేసినది చాల సందర్భములలో వారి కాలేయమే. అట్లయిన త్రాగిననేమి నష్టమని అడుగవచ్చును. నష్టము ఆ మూడు దినములలో నున్నది. నిండు నెలల గర్భవతికి 'ఇ' రకపు కామెర్లు వచ్చినచో నూటికి ఇరువదిమంది వరకు మరణింపవచ్చును. ఆమెకు పసరు కొరకు పోగొట్టుకొన దినములు లేవు. కామెర్ల రోగి పగటివేళ మత్తుగా నిద్రించినను, మాట తడబడినను, వాంతులు ఆగకున్నను, నెత్తురు కారినను, చలిజ్వరముతో కుడిడొక్కలో నొప్పి వచ్చినను, మలము తెల్లబారినను నాడే ఆసుపత్రికి చేర్చవలెను. చివరి గుర్తును చరకుడే మనకు చెప్పియున్నాడు.

పసరు ఇచ్చు ఇంటివారిని నిందించుట మా ఉద్దేశము కాదు. వారిలో అనేకులు కాసు పుచ్చుకొనక, పుణ్యమునకే ఇచ్చుచున్నారు. వారి గుమ్మము ముందు తెల్లవారకమునుపే నిలుచువారిని వారు ఒక్క మాట అడిగినచో చాలును: నెత్తురు పరీక్ష చేయించితిరా? గర్భిణికి, మత్తుగానున్న రోగికి మా మందు తగదు, ఆసుపత్రికి తీసికొనిపొండు అని వారి నోటనే వచ్చినచో, ఆ మాట వైద్యుని మాట కంటె త్వరగా చెవికెక్కును. మన ఇండ్లలో మనము చేయవలసిన పని యింకను చిన్నది. త్రాగు నీరు కాచి చల్లార్చుకొనుట, భోజనమునకు ముందు చేతులు కడుగుకొనుట, బిడ్డ పుట్టిన దినముననే టీకా వేయించుట. నేల ఉసిరి మన పెరటిలో ఎప్పటివలెనే మొలచును. దానిని పెరికివేయనక్కరలేదు. దానిని నమ్మి రోగి కన్ను మరల చూడక మానుట మాత్రము తగదు.